తొమ్మిదో రీలు

వరదనీళ్లు మా సినిమా హాల్లోకి వచ్చి నేల బెంచీలు తేలిపోయిన ఏటికి మరుసటి ఏడు. హాలు మా బావది, అంటే నా భార్యకి అన్నగారిది. ప్రొజెక్టరు తిప్పేది నేను.

ఆ వారం వచ్చిన బొమ్మ పాతకాలం పత్రికాఫీసు కథ. బాగా తీశారు. బల్లలు, సిరామరకలు, చొక్కాల మడతలు కూడా అప్పటివే. వంక పెట్టడానికి లేదు. ఉప్పు వెయ్యడం ఒక్కటే మర్చిపోయారు. మనుషులు రాస్తారు, దిద్దుతారు, టీ తాగుతారు, మళ్లీ రాస్తారు.

తొమ్మిదో రీల్లో మాత్రం అచ్చు మిషను తిరుగుతుంది. రీలంతా అదే. మా అన్నయ్య వయసంతా అలాంటి మిషను దగ్గరే గడిచింది. పత్రిక మూతపడ్డాక ఆ మిషన్ని పాత ఇనుము కింద తూచి అమ్మేశారు. అన్నయ్యకి ఇప్పుడు ఒక కన్ను పోయింది, రెండోది పోతోంది. "ఉన్న చూపు ఉండగానే ఓసారి దాన్ని చూపించరా" అన్నాడు. ఆదివారం మాట్నీకి తీసుకొచ్చి ముందు బెంచీలో కూచోబెట్టాను.

ఆదివారం జనం ఊరుకుంటారా. సగం బొమ్మకే ఈలలు మొదలు.

"ఒరే ఆపరేటరూ! వాళ్లకేనా టీ, మాకూ ఓ కప్పు పంపు!"

"ఫైటింగు వస్తే లేపండ్రా!"

ఎనిమిదో రీలు నడుస్తుంటే కుర్చీ విరిగిన చప్పుడు. బావ రొప్పుతూ పైన ప్రొజెక్టరు గదిలోకొచ్చాడు.

"తొమ్మిది ఎగ్గొట్టి పది ఎక్కించు. హాలు పీకేసేలా ఉన్నారు."

చప్పటి బొమ్మకి ఓ రీలు ఎగ్గొట్టడం అన్ని హాళ్లలోనూ ఉన్నదే.

"కింద అన్నయ్యున్నాడు బావా."

"మీ అన్నయ్య ఒక్కడి కోసం నా హాలు తగలబెట్టుకోనా? చెల్లెలి మొహం చూసి చెబుతున్నా. తొమ్మిదే ఎక్కిస్తే తాళాలిచ్చేసి రేపట్నుంచి ఇంట్లో కూచో."

ఆయన దిగాడు. నేను గడియ పెట్టాను. తొమ్మిదే ఎక్కించాను.

తెర మీద మిషను తిరగడం మొదలెట్టింది. కింద గోల రెట్టింపైంది. ఎవడో విసిరిన చెప్పు తగిలి తెర మూల చిరిగింది. ఇటు బావ తలుపు బాదుతున్నాడు. "తీస్తావా, పగలగొట్టమంటావా!" నేను ప్రొజెక్టరు వదల్లేదు.

గోడ కంతలోంచి చూస్తే అన్నయ్య లేచాడు. తడుముకుంటూ తెరదాకా వెళ్లి, మొహం ఆనించేంత దగ్గరగా నిలబడ్డాడు. ఆయన నీడ మిషను మీద పడింది.

"కూచో ముసలోడా!" అరిచారు. ఇంకో చెప్పు లేచింది.

అన్నయ్య వెనక్కి తిరగలేదు. చెయ్యి చాపి, వచ్చే కాగితాన్ని అందుకుని, పక్కన పెట్టి, మళ్లీ చాపాడు. మిషను ఎంత జోరో చెయ్యీ అంత జోరు.

"డ్యూటీ ఎక్కాడ్రా తాత!" అన్నాడొకడు. హాలంతా నవ్వింది. లేచిన చెప్పు దిగింది.

"తాతా, కాగితం జారిపోతోంది, పట్టు!"

"ఆ బొమ్మలో బక్కోడికి జీతం దండగ, తాతనే పెట్టండి!"

రీలు అయ్యేదాకా అదే. బావ బాదడం ఎప్పుడు ఆపాడో తెలీదు.

ఆట విడిచాక గేటు దగ్గర బావ చెయ్యి చాపాడు. ఆయన మాటంటే మాటే. తాళాలు ఆయన చేతిలో పెట్టాను.

దారిలో అన్నయ్యని అడిగాను, "ఎలా ఉంది?"

"మిషను బాగుంది. సినిమా చప్పగా ఉందిరా. మేం చేసిందీ అంతేలే."

మర్నాడు పొద్దున్నే సూదీ దారం పట్టుకుని హాలుకి వెళ్లాను. బావ తలుపు తీసి పక్కకి జరిగాడు. నేను నిచ్చెనెక్కి తెర చిరుగు కుట్టాను. ఆయన కింద నిచ్చెన పట్టుకున్నాడు.