ఆరో కుర్చీ

నా మనవరాలికి అక్షరాలు నిలబడవు. "పుస్తకంలో చీమలు నడుస్తున్నాయి అమ్మమ్మా" అంటుంది. దానికి ఎనిమిదేళ్లు. వినికిడి మాత్రం అమోఘం. రెండు మూడుసార్లు వింటే చాలు, కథంతా పొల్లుపోకుండా అప్పజెప్పేస్తుంది. అందుకే చిలక అని పిలుచుకుంటాను.

దాని తల్లి, అంటే నా కూతురు, పక్క ఊరి ఆసుపత్రిలో దుప్పట్లు ఉతుకుతుంది. పదిహేను రోజులకోసారి వచ్చి వెళుతుంది. ఆ బస్సు కదిలినప్పుడు ఏడ్చేది చిలక కాదు, నేను. నాకు బస్సులన్నా, రైళ్లన్నా, వెళ్లిపోయే తొందరలో గుమ్మంలో విప్పని చెప్పులన్నా భయం. బడి ముఖం చూడకుండా, పొట్లాల కాగితాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. సాయంత్రాలు లైబ్రరీలో చిలకకు కథ చదివి వినిపించడమే నాకున్న పని, నాకున్న సుఖం.

ఇలా ఉండగా బడి నుంచి చీటీ వచ్చింది. చదవడం రాని పిల్లలకు ప్రత్యేకంగా నేర్పే టీచరు వారానికి రెండు రోజులు లైబ్రరీ వెనక గదికి వస్తుందట. ఫీజు లేదు. కుర్చీలు ఆరే, ఐదు నిండిపోయాయి. శుక్రవారం ఒక పేజీ చదివించి చూస్తారు. చదవలేకపోతే ఆరో కుర్చీ చిలకది.

తలుపు సందులోంచి ఆ టీచర్ని చూశాను. మెత్తటి గొంతు. సన్నని కిటికీ కోసిన అట్టముక్కను పేజీ మీద పెట్టి ఒక్కో వరుసే చూపిస్తోంది. ఒక పిల్ల ఆవిడ భుజానికి తల ఆనించి చదువుతోంది. రేపు అక్కడ ఆనేది మా చిలక తల. తలుపు సందు మూసేశాను.

రోజూ అక్కడే కూర్చునేదాన్ని, ఆవిడ ఏ పుస్తకంతో పరీక్ష పెడుతుందో నాకు తెలియదా? తాబేలు బొమ్మ ఉన్న పచ్చ పుస్తకం, మొదటి పేజీ. అందరికీ అదే. గురువారం ఆ పేజీని చిలకకు మూడుసార్లు చదివాను.

"మళ్లీ మళ్లీ ఇదేనా?"

"బాగుంది కాబట్టి. నోరు మూసుకుని విను."

శుక్రవారం చిలక పుస్తకం తెరిచి, ఫ్యాను వైపు చూస్తూ పేజీ మొత్తం గడగడా చెప్పేసింది. టీచరు కాగితం మీద ఏదో రాసుకుంటూ ఇది గమనించలేదు.

"బాగా చదివిందండీ. ఈ పాపకు నా అవసరం లేదు" అని పేరు కొట్టేయడానికి కలం ఎత్తింది.

హమ్మయ్య అనుకున్నాను. అంతలో మెప్పుకు పొంగిపోయిన చిలక తనే పేజీ తిప్పింది. కాసేపు దాన్ని చూసి, తలెత్తి నా పెదాలకేసి చూసింది. నేను మొదలుపెడితే వెనకాల అందుకుందామని ఎదురుచూస్తోంది.

నేను లేని రోజున ఇది ఎవరి పెదాలు చూస్తుంది?

"కొట్టేయకండమ్మా. ఆ పేజీ నేనే నూరిపోశాను."

"ఎందుకండీ?"

"మీరంటే కుళ్లు."

ఆవిడ నవ్వలేదు. కోప్పడనూ లేదు. లేచి ఆరో కుర్చీని బల్ల దగ్గరికి లాగింది.

"బాగా చదివానందిగా, చెడగొట్టావు" అని చిలక మూతి ముడుచుకుని అందులో కూర్చుంది. నేను బయట బెంచీ మీద గంటసేపు పుస్తకం తలకిందులుగా పట్టుకుని కూర్చున్నాను.

ఇంటికి వెళ్తుంటే దాని కోపం పోయింది.

"టీచర్ మెల్లగా చదువుతుంది అమ్మమ్మా. చీమలు ఆగుతున్నాయి."

"నా చదువుకేమొచ్చింది?"

"నువ్వు బస్సు వెళ్లిపోతోందన్నట్టు చదువుతావు."

ఆ రాత్రి సబ్బుపెట్టె అట్టకు కిటికీ కోశాను, ఆవిడ కిటికీకన్నా కాస్త పెద్దది. పేజీ మీద పెట్టి చదివాను. ఆవిడకన్నా మెల్లగా చదివాను.