మల్లమ్మ చెంప మీది నీడ

ఫొటో బాగా వచ్చిందని చెప్పడానికే మల్లమ్మ వచ్చిందనుకున్నాడు కిషన్‌రావు. బొల్లారంలోని అతని స్టూడియోకి మెచ్చుకోవడానికి ఎవరూ రారు. అందుకే కుర్చీ తుడిచి మరీ వేశాడు. ఆమె కూర్చోలేదు.

"నా చెంపకు ఏం గాలేదట సారూ. యాసిడ్ చిందిన నెలకు మీరు తీసిన ఫొటో కంపెనోళ్లు లేబర్ ఆఫీసుల పెట్టి సూపిచ్చిన్రు. మచ్చే లేదు, పరిహారం ఏందంటున్నరు."

చెవి దగ్గర నుంచి దవడ దాకా ఆమె చర్మం గుంటలు పడి ఉంది.

ఆ రోజు ఆమె పనిచేసే కంపెనీలో గుర్తింపు కార్డుల ఫొటోలు. పక్క నుంచి ఫ్లాష్ కొట్టి మొదటిది తీస్తే ఒక్కో గుంటా నల్లగా తేలింది. సిబ్బంది వ్యవహారాలు చూసే బాలరాజ్ అది చూసి, "పాపం ఆడిమనిషి, అన్నా. మెడల ఏసుకొని తిరగాలె. ఇది తీసెయ్, జెర మంచిగ తియ్యి," అన్నాడు. కిషన్‌రావు భార్య విమల పోయిన కొత్తలో నెల రోజులు ఇంటి నుంచి టిఫిన్ డబ్బా పంపిన స్నేహితుడు. అతనికి ఇంత దయ ఉన్నందుకు కిషన్‌రావు మురిసిపోయాడు. ఖరీదైన సామాను లేదు. ప్లాస్టిక్ పైపుల చట్రానికి తన తెల్ల పంచె బిగించి, ఫ్లాష్‌కూ ముఖానికీ మధ్య నిలబెట్టాడు. రెండో పక్క థర్మాకోల్ అట్ట పెట్టాడు. వెలుగు పంచెలో పరుచుకుని మెత్తబడింది. గుంటల్లో నీడ మాయమైంది. మొదటి ఫొటో అప్పుడే చెరిపేశాడు.

ఇప్పుడు ఆమె ముందే బాలరాజ్‌కు ఫోన్ చేశాడు.

"మొఖం ఆమెదే కదనే," అన్నాడు బాలరాజ్. "నువ్వేం అబద్ధం తియ్యలే."

"దీన్ని ఇట్ల వాడుతరని అప్పుడే నీకు ఎరుకనా?"

"నౌకరీ అన్నా. నీకేం, నువ్వు ఫొటో తీసినవ్, గంతే."

కిషన్‌రావు ఫోన్ పెట్టేసి పంచె చట్రం బయటికి తీశాడు. అది పట్టుకోవాలంటేనే చేతికి రోత పుట్టింది. అయినా మల్లమ్మను కూర్చోబెట్టి పంచెతో ఒకటి తీశాడు. ఆమెను కదలొద్దని చెప్పి, పంచె, థర్మాకోల్ పక్కకు లాగి ఇంకొకటి తీశాడు. రెండింటి మీదా ఒకే తేదీ, ఒకే నిమిషం. ఒకదానిలో నున్నని చెంప, మరోదానిలో కాలిన చెంప.

"ఈ రెండూ పట్టుకొని నేనే వస్తనమ్మా. ఆ నీడ ఎట్ల తీసేసిన్నో పంచె కట్టి సూపిస్త."

"బాలరాజ్ సారు మీ దోస్తు కద."

"అవును," అన్నాడు.

ప్రింట్లు తీసి, నున్నగా వచ్చినదాన్ని ఆమెకొకటి ఇవ్వబోయాడు. "ఇది ఇంట్లో పెట్టుకో, పైసలొద్దు."

మల్లమ్మ చెయ్యి చాపలేదు.

"గది మీ దగ్గరనే ఉంచుకోండ్రి సారూ. గసొంటిది జూసే నన్ను అబద్ధాలకోరన్నరు."

అతడు ఆ ప్రింటు వెనక్కి తీసుకున్నాడు. గడప దాటాక ఆమె ఆగింది.

"సోమారం పదింటికి, సంగారెడ్డిల లేబర్ ఆఫీసు. పటాన్‌చెరు నుంచి తొమ్మిదింటి బస్సెక్కుండ్రి. దాని తర్వాతది ఎక్కితే నిలవడాల్సొస్తది."

అంత కోపంలోనూ ఆమె అతనికి సీటు దొరకడం గురించి ఆలోచించింది. కిషన్‌రావు చీటీ మీద తొమ్మిది అని రాసుకున్నాడు.