మూడో వరసలో అన్నయ్య

లలితాంబ చేతిలోని ఫొటోని ఒకసారి, ఎదురుగా ఉన్న సమాధి రాతిని ఒకసారి చూసింది. గోడ అదే, గోడ మీదికి పాకిన తీగా అదే. వరస మూడోదే. రాయి మాత్రం వేరు, దాని మీద పేరూ వేరే.

"ఊరు తప్పొచ్చామేమోనే రీతూ," అంది మనవరాలితో.

"ఇదే ఊరు అమ్మమ్మా. ష్వైన్‌ఫర్ట్‌లో బస్సెక్కాక మ్యాప్ చూస్తూనే ఉన్నాగా."

లలితాంబ అన్నయ్య హేమచంద్ర పంతొమ్మిదివందల అరవైల్లో వైద్యం చెయ్యడానికి ఈ జర్మనీ దేశం వచ్చాడు. ఈ పల్లెలో ఇంగ్రిడ్‌ని పెళ్ళాడి, ఇక్కడే పోయాడు. పోయి ముప్ఫై ఏళ్ళు దాటింది. ఇంగ్రిడ్ వదిన ఆయన్ని వాళ్ళ పద్ధతిలో పాతిపెట్టించి ఈ ఫొటో పంపింది. ఆనక ఆవిడా పుట్టింటి ఊరు వెళ్ళి కన్నుమూసింది. పిల్లల్లేరు. రాజమండ్రిలో తల్లి మాత్రం పోయేదాకా ఒకటే గోల: "అస్థికలు లేవు, వాడు గోదాట్లో ఎలా కలుస్తాడే? గుప్పెడు ఆ మట్టయినా తెచ్చి కలుపు." పుష్కరాలు ముంచుకొస్తున్నాయి. లలితాంబకి డెబ్బయ్యెనిమిది. బ్యోబ్లింగెన్‌లో కూతురింటికి వచ్చిన ఈ మూడు నెలల్లో కాకపోతే ఇక ఆ మట్టి దొరకదు.

అటుగా తోపుడుబండితో వెళ్తున్న తోటమాలిని రీతు ఆపి, జర్మన్‌లో చాలాసేపు మాట్లాడింది.

"ఏమంటాడు?"

"ఇక్కడ స్థలం పాతికేళ్ళకే ఇస్తారంట. ఎవరూ రెన్యూ చెయ్యకపోతే రాయి తీసేసి వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు."

"పోయినవాళ్ళకి కూడా అద్దిల్లేనా? మరి మా అన్నయ్యని ఖాళీ చేయించి ఎక్కడ పెట్టారు?"

"ఎక్కడా పెట్టలేదు. తాతయ్య కిందే ఉన్నారు. పైన ఈవిడ, హిల్డెగార్డ్."

లలితాంబకి బుర్ర తిరిగిపోయింది. "అన్నయ్య అసలే సిగ్గరి," అని గొణుక్కుంది. వంగి మట్టి తియ్యబోయి ఆగింది. ఇప్పుడిది ఎవరి మట్టి? అడక్కుండా తీస్తే ఆవిణ్ణి దొంగిలించినట్టు కాదూ? తియ్యకుండా పోతే అమ్మకిచ్చిన మాటో?

అంతలో ఒక ముసలాయన నీళ్ళడబ్బా మోసుకొచ్చి ఆ సమాధి దగ్గరే నిలబడ్డాడు. హిల్డెగార్డ్ మొగుడు. రీతు సంగతంతా చెబితే టోపీ తీసి విన్నాడు. ఆయనా కొంచెం తికమకపడ్డట్టే కనిపించాడు. తన భార్య కింద మరొకరున్నారని అప్పుడే తెలిసినట్టుంది.

"తీసుకోండి అంటున్నారు," అంది రీతు. "కానీ ఆవిడకి నీళ్ళంటే భయమంట. నదిలో మెల్లిగా వదలమంటున్నారు."

లలితాంబ మోకాళ్ళు పట్టుకుని కూర్చుని, గుప్పెడు మట్టి చేతిగుడ్డలో మూటకట్టింది. కట్టాక కొత్త చిక్కొచ్చి పడింది. రేవులో పంతులుగారు పేరూ గోత్రమూ అడుగుతారు. అన్నయ్య పేరొక్కటే చెబితే ఈవిడ దిక్కులేనిదై నీళ్ళలో నిలబడిపోదూ? పుష్కరాల్లో ఇరుగుపొరుగుకీ పిండం పెడతారు. ఇంత దగ్గరి పొరుగు ఇంకెవరుంటారు?

"ఆవిడ పేరు ఓ కాగితం మీద రాసుకోవే. వాళ్ళ నాన్న పేరు కూడా అడుగు."

ముసలాయన కాసేపు ఆలోచించి, ఒక్కొక్క అక్షరమే చెప్పాడు.

"గోత్రం అడక్కు. తెలియనివాళ్ళందరికీ కాశ్యప గోత్రమే. అదే రాయి."

"అదేంటని అడుగుతున్నారు అమ్మమ్మా."

"ఏమని చెబుతావు? మీ ఆవిడకి మా వైపు ఒక ఇంటివాళ్ళు దొరికారని చెప్పు."

రీతు ఏం చెప్పిందో గానీ ఆయన తలూపి, తన పేరు కూడా ఆ కాగితం మీద రాయమన్నాడు. బతికున్న మనిషి పేరు ఆ పిండాల కాగితంలో ఎలా రాయాలో, ఎలా వద్దనాలో తోచక, లలితాంబ మూట పట్టుకుని అలాగే నిలబడింది.