అరికాలి కింద అద్దం

ఇరవై రెండు కుర్చీలు, ఇరవై రెండూ ఖాళీయే అక్కడ, ఆ ప్రెస్టన్ మేడమ్ మొహం ఎలా మాడిపోయి ఉంటుందో ఈపాటికి, బుధవారం, షుగరు క్లాసు వేళ, నాలుగయింది, డబ్బిచ్చే పెద్దాఫీసు వాళ్ళు చర్చి హాల్లో కాలు పెట్టే ఉంటారు, ఏరమ్మా మీ ఆడవాళ్ళు అని అడుగుతూ ఉంటారు, అడగాలి, నలుగురిలో కడిగెయ్యాలి, బీన్స్ అడుగంటుతున్నాయేమో, మంట తగ్గించాను, పదకొండేళ్ళు ఇల్లిల్లూ తిరిగాను, ద్రాక్షతోట పని దిగి ఒళ్ళు హూనమై వచ్చిన వాళ్ళని బతిమాలాను, పంది కొవ్వు తగ్గించవే, టోర్టియా రొట్టెలు రెండు చాలవే, షుగరుకి మంచిది, కూరలో నాగజెముడు ముక్కలు ఇంకాస్త వేసుకోవే అని, తీరా చూస్తే నీకు డిగ్రీ లేదుగా ఎర్లిండా, ఇక క్లాసు మేం చూసుకుంటాంలే అంది ఆ ప్రెస్టన్ మేడమ్, నవ్వుతూ అంది, ఆ నవ్వుకే ఒళ్ళు మండింది నాకు, పోనీ తన పాఠం తను చెప్పుకుందా, నా అద్దం కూడా కొట్టేసింది, క్లాసు మొదలవగానే అందరి చేతా బూట్లు విప్పించి, అరికాళ్ళ కింద చేతి అద్దం పెట్టి పుండుందేమో చూడడం నా పద్ధతి, షుగరుతో మా అమ్మ కాలు తీసేశాక నేను పెట్టుకున్నది, పోస్టర్ల మీద దానికి ఇప్పుడు ఆవిడ పేరు, ఆవిడ ఫోటో.

అందుకే మూడు నెలల కిందట ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను, ఆ హాలు గడప తొక్కారో మీకూ నాకూ చెల్లు అన్నాను, వాళ్ళ పిల్లలకి జ్ఞానతల్లిని నేను, జ్ఞానస్నానం రోజు ఎత్తుకున్న చేతులివి, అందరూ కొమాద్రే అని పిలిచే జ్ఞానతల్లి మాట కాదని ఈ వీధిలో ఎవరు తిరగగలరు, పోస్టర్లు చూసి జనం వస్తారనుకుంది ఆ మేడమ్, పిచ్చి మొహం, చూసుకో ఇప్పుడు, తలుపు చప్పుడు, నా క్లాసు ఒటీలియా వచ్చింది, ఏమే కుంటుతున్నావు, ఏం లేదు కొమాద్రే, కొత్త బూటు కరిచింది, నెలయినా మానట్లేదు, మరి ఎవరికీ చూపించలేదా, ఎవరికి చూపించను, ఈ లావు పొట్టతో నేను వంగలేనాయె, హాలుకేమో నువ్వు వెళ్ళొద్దంటివి, నొప్పేం లేదులే కంగారుపడకు అని నవ్వుతోంది, కూర్చో, విప్పు.

మేజోడు పుండుకి అంటుకుపోయింది, తడిపి మెల్లగా లాగాను, చిటికెన వేలు నల్లగా ఉంది, ఈ వాసన నాకు తెలుసు, మా అమ్మ మంచం దగ్గరి వాసన, మా అమ్మ కూడా నొప్పి లేదే అనే అంది, పొయ్యి ఆపాను, కారు తాళాలు ఎక్కడ పెట్టానో, నెల కిందట ఇది గోరంత పుండయి ఉంటుంది, ఒక్క బుధవారం వెళ్ళి ఉంటే ఆ ప్రెస్టన్ మేడమ్ ఈ కాలి కింద అద్దం పెట్టేది, కొట్టేసిన అద్దమే, అయినా పెట్టేది, పద ఒటీలియా, నా భుజం పట్టుకో, ఎక్కడికి కొమాద్రే అంటోంది, ఆసుపత్రికి అన్నాను, సరే నువ్వు రమ్మంటే వస్తాను అంది, ఎందుకని కూడా అడగలేదు, వెళ్ళొద్దన్నప్పుడూ అడగలేదు.