దొంగ ఏడ్చే చోటు

ఈదయ్య ఒగ్గు కథలో గొర్రెల దొంగ వచ్చాడంటే చిలుకూరు పిల్లలు నిద్ర ఆపుకొని కూర్చునేవారు. దొంగ మీసం దువ్వుతాడు, విరగబడి నవ్వుతాడు, మందలకు మందలే తోలుకుపోతాడు. తెల్లవారుతుండగా, తాను అమ్ముకున్నది కన్నతల్లి మందనేనని, దాన్ని వెతుకుతూ ఆమె వాగులో కొట్టుకుపోయిందని తెలిసి గుండెలు బాదుకుంటాడు. రాత్రంతా నవ్విన జనం అక్కడ ఏడ్చేవారు.

దారి తప్పుతున్న కుర్రాళ్లను మన కథలతోనే మళ్లించాలని, కోదాడ కాలేజీలో పాఠాలు చెప్పే నీరజ దాన్ని ఫోన్లలోకి ఎక్కించింది.

"తాతా, నిమిషం నిమిషం ముక్కలుగా చెప్పండి. ఎక్కువైతే పిల్లలు చూడరు."

"నిమిషంల దొంగకు మీసం గూడ మొల్వది మేడం," అన్నాడు ఈదయ్య. అయినా ఒప్పుకున్నాడు. వీడియోలు తీసేది మనవడు గణేష్. ఆ పనితోనైనా వాడు సాయంత్రాలు ఇంటిపట్టున ఉంటాడని ఆశ.

ముక్కల్లో దొంగ నవ్వే ముక్క ఒక్కటే పాకింది. ఏడ్చే ముక్కను ఎవరూ చూడలేదు. సూర్యాపేట నుంచి మిర్యాలగూడ దాకా కుర్రాళ్లు బండ్ల ముందుచక్రం లేపి తోలుతూ, వీడియోల వెనక ఆ నవ్వు పెట్టుకున్నారు. ఆ బండ్లలో కొన్ని కొట్టుకొచ్చినవి. సూర్యాపేటలో పోయిన ఒక బండి మీద గణేష్ మిర్యాలగూడలో పోలీసులకు దొరికాడు.

స్టేషన్‌లో బెంచీ మీద మనవడి పక్కన ఈదయ్య ఒదిగి కూర్చున్నాడు. వాడిని బాలుర హోమ్‌కు తీసుకుపోయే వ్యాను ఇంకా రాలేదు.

"గా నవ్వు నీదే గదా తాతా?" అన్నాడు కానిస్టేబుల్. "మా పోరడు పొద్దుగాల లేస్తే గదే మోగిస్తడు."

ఈదయ్య తల దించుకున్నాడు. "సారూ, బండి వచ్చేదాంక జర కథ చెప్పుకోనిస్తరా? వీడు కడదాంక ఎన్నడు ఇనలే."

కానిస్టేబుల్ ఫ్యాన్ వాళ్ల వైపు తిప్పి, "మెల్లగ" అన్నాడు.

డోలు లేదు, తాళాలు లేవు. ఈదయ్య గొంతు తగ్గించి, తల్లి మందను వెతుక్కుంటూ అడవిలో తిరిగిన సంగతి చెప్పాడు. రాసుకుంటున్న కానిస్టేబుల్ తనకు తెలియకుండానే "ఊ" కొట్టాడు. గణేష్ కొట్టలేదు.

"ఇంటున్నవారా?"

"ఇంటున్న." వాడి చూపు గేటు మీద ఉంది. "తాతా, గా నవ్వు వీడియో ఇప్పటికి ఎంతమంది సూసిండ్రో ఎరికేనా?"

ఈదయ్య కథ ముందుకు నడిపాడు. దొంగ ఏడ్చే చోటికి వచ్చాడు. ఇన్నేళ్లలో ఎన్నడూ ఆగని కథ అక్కడ ఆగింది. బయట వ్యాను హారన్ మోగింది. గణేష్ తనంతట తానే లేచాడు.

కానిస్టేబుల్ తొందరపెట్టలేదు. ఏదో వెతుకుతున్నట్టు కాసేపు సొరుగు కెలికాడు. ఆ కాస్త వ్యవధిలోనూ ఈదయ్యకు ఏడుపు రాలేదు, కథా రాలేదు.