ఎడమకు తిరిగిన మెలి

ఎడంచేతి మేస్త్రికి పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకోనిదే పనిముట్టు ముట్టుకునే అలవాటు లేదు. ఆ రోజు కూడా షెడ్డు తలుపు తీసి, గోడ మీది పటం ముందు నిమిషంసేపు కళ్ళు మూసుకుని నిలబడి, ఆ తర్వాతే టీచరమ్మ గారి కారు దగ్గరికి వెళ్ళాడు.

ఆ కారు వయసు అతని వయసు కంటే ఎక్కువ. టీచరమ్మ తండ్రి ముచ్చటపడి కొనుక్కున్నది. ఇరవై ఏళ్ళ కిందట డాష్‌బోర్డు వెనక తీగలు అంటుకున్నప్పటి నుంచి వాళ్ళ ఇంటి వెనక రేకుల పాకలో దుప్పటి కప్పుకుని పడుంది. పెద్దాయన పోయిన ఏడాదికి టీచరమ్మ దాన్ని మళ్ళీ రోడ్డెక్కించాలని పట్టుబట్టి ఇక్కడికి తోయించుకొచ్చింది.

మూడు వారాల నుంచి మేస్త్రి దాని మీదే ఉన్నాడు. డాష్‌బోర్డు చెక్క పలక నుంచి, వేగం, పెట్రోలు చూపే ఐదు మీటర్లూ ఊడదీసి, ఒక్కొక్కటీ విప్పి, అద్దాలు తుడిచి, ముళ్ళకు సన్నటి కుంచెతో తెల్లరంగు వేశాడు. వేగం చూపే మీటరు తాడుకు గ్రీజు పెట్టాడు. ఇక మిగిలింది తీగలే. పాత తీగల కట్టను కారులోంచి తెంపకుండా లాగి, బల్ల మీద మేకులు కొట్టి వాటి మధ్య పరవాలి. ఏ తీగ ఎక్కడ చీలుతుందో, ఎంత పొడవు పోతుందో చూసుకుని, అదే కొలతకు కొత్త కట్ట అల్లాలి. ఆ పని అంత శుభ్రంగా చేసేవాడు చుట్టుపక్కల ఇంకొకడు లేడని పేరు.

పక్కన రేకుకు గరుకు కాగితం రుద్దుతున్న రంగుల మేస్త్రి తల తిప్పి చూశాడు.

"ఏంటి గురూ, పేగులన్నీ బయట పెట్టావు? పోస్టుమార్టమా?"

"పోస్టుమార్టమే. చంపిందెవరో ముందే తెలుసు కాబట్టి పోలీసులక్కర్లేదు. అంతా మా బావ చేతి మహిమ!"

రంగుల మేస్త్రి పకపకా నవ్వాడు. ఒకప్పుడు ఆ షెడ్డులోనే తీగల పని చేసిన అక్క మొగుడి మీద ఆ హాస్యానికి ఇరవై ఏళ్ళుగా కాలం చెల్లలేదు. ఎక్కడ తీగ వదులైనా, ఎవరి బండిలో పొగొచ్చినా "బావ పని" అనేవాళ్ళు.

స్టూలు మీద కూర్చున్న టీచరమ్మ నవ్వలేదు. "మా నాన్న ఆ రోజు మంటల్లో చెయ్యి పెట్టి తీగలు లాగేశాడయ్యా. పోయేదాకా ఆ గుప్పిట పూర్తిగా మూసుకోలేదు. అన్నం కలుపుకోవాలన్నా అవస్థే" అంది.

"తెలుసమ్మా" అన్నాడు మేస్త్రి, నవ్వు ఆపేసి.

కాలిన చోటు అమ్మీటరు వెనక ఉంది. బ్యాటరీలోకి కరెంటు వస్తోందో, అందులోంచి పోతోందో చూపించే మీటరది. ఆ పాత కార్లలో కరెంటంతా దాని గుండానే పోవాలి, మధ్యలో ఫ్యూజు కూడా ఉండదు. అందుకే అక్కడ అతుకు పెడితే సీసం కరిగించి పోయాల్సిందే. మేస్త్రి చాకుతో మసి గీకాడు. టేపు ఎప్పుడో కరిగిపోయింది. లోపల రాగి మాత్రం మిగిలింది, రెండు తీగలను కలిపి మెలిపెట్టిన అతుకు. సీసం ఆనవాలు ఎక్కడా లేదు. ఉత్త మెలి.

'చూశావా!' అనబోయాడు. అనలేదు.

మెలి ఎడమకు తిరిగి ఉంది.

కుడిచేతి వాటం వాళ్ళు తీగను ఒకవైపు తిప్పుతారు. అతను రెండోవైపు తిప్పుతాడు. చిన్నప్పుడు పని నేర్పుతూ బావే నవ్వేవాడు, "నీ అతుకు చీకట్లో తడిమినా నీదని చెప్పొచ్చురా" అని. ఆ షెడ్డులో అప్పుడైనా ఇప్పుడైనా ఎడంచేతి వాటం వాడు ఒక్కడే.

అప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చింది అనడం కంటే, ఎప్పటి నుంచో తలుపు బయట నిలబడి ఉన్నది లోపలికి వచ్చిందనాలి. ఇరవై ఏళ్ళ కిందట ఆ అమ్మీటరు పని మొదలుపెట్టింది బావే. మధ్యాహ్నం అక్కకు జ్వరం ముదిరి ఆస్పత్రిలో చేర్చారని కబురొస్తే, చేతిలో పని చేతిలోనే వదిలేసి పరిగెత్తాడు. సాయంత్రం పెద్దాయన కారు కోసం వచ్చి కూర్చున్నాడు. కరెంటు పోయింది, సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ చల్లగా ఉంది. మేస్త్రి తీగలు మెలిపెట్టి, టేపు చుట్టి, రేపు బావతో చెప్పి సరిచేయిద్దాంలే అనుకుని తాళాలిచ్చేశాడు. మర్నాడు చేతికి కట్టుతో వచ్చిన పెద్దాయన "ఇది ఎవరి పని?" అని గర్జిస్తే, ఆరుగురి ముందు "అమ్మీటరు పని మా బావదండీ" అన్నాడు. బావ వెర్రిచూపులు చూసి, "సీసం పోశానో లేదో నాకే గుర్తు లేదండీ" అన్నాడు. అక్కడితో బావ చేత్తో పని చేయించుకునేవాళ్ళు లేకుండా పోయారు.

"ఏమైనా దొరికిందా?" అని టీచరమ్మ అడిగింది.

"ఏం లేదమ్మా, మసి" అన్నాడు మేస్త్రి. అంటూనే కట్టర్‌తో ఆ అతుకును తుంచి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఆ చెయ్యి తనదేనా అనిపించింది.

మర్నాడు పొద్దున్న పటం ముందు నిలబడ్డాడు గానీ కళ్ళు మూసుకోలేకపోయాడు. ఇరవై ఏళ్ళు రోజూ ఇక్కడే నిలబడ్డాడు. ఇన్నేళ్ళలో ఆ దేవుడు ఒక్కసారైనా అడగలేదా? అడిగాడేమో, వినే తీరిక తనకు లేదేమో. ఆ రోజు తను తెలియక అన్నాడా, తెలుసుకోవడం ఇష్టం లేక అన్నాడా? ఈ రెండింటికీ దేవుడి దగ్గర లెక్క ఒకటేనా? అతనికి తేలలేదు. ముందురోజు జేబులో వేసుకున్నది మాత్రం తెలిసే వేసుకున్నాడు. దానికి సాకు లేదు.

ఆ సాయంత్రం అక్క ఇంటికి వెళ్ళాడు.

"రారా, దారి తప్పి వచ్చావా?" అంది అక్క. "వచ్చినవాడివి ఆ స్విచ్చు కాస్త చూడు, నీకు పుణ్యముంటుంది. నెల రోజుల నుంచి చిటపటమంటోంది. మీ బావ దాని పక్కకు కూడా పోడు. బల్బు మార్చాలన్నా ఎదురింటాయన్ని పిలవాల్సిందే."

బావ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. గోడౌనులో తూకం చీటీలు రాసి రాసి ఆయన వేళ్ళకు సిరా మరకలు. ఒకప్పుడు ఆయన కళ్ళు మూసుకున్నా ఆ వేళ్ళు ఏ తీగ ఎంత లావుదో చెప్పేవి.

మేస్త్రి జేబులోంచి అతుకు తీసి ఆయన అరచేతిలో పెట్టాడు. "బావా, టీచరమ్మ గారి కారులోది. అమ్మీటరు వెనకది."

బావ దాన్ని కిటికీ వెలుతురుకు పట్టి తిప్పి చూశాడు. ఎడమకు తిరిగిన మెలి మీద బొటనవేలు ఆగింది. 

"నేనే చేశాననుకున్నానురా" అన్నాడు. "మీ అక్క జ్వరం గాభరాలో మర్చిపోయి ఉంటాననుకున్నా. ఒక మనిషి చెయ్యి కాల్చిన చెయ్యి ఇది అనుకుని ఇంక తీగ ముట్టలేదు."

"తప్పైపోయింది బావా. నీ కాళ్ళు..."

"లే, లే. కాళ్ళేం చేసుకోను? ఆ రోజు నువ్వా మాటన్నప్పుడు షెడ్డులో ఎంతమంది ఉన్నారు?"

"ఆరుగురు."

"ఇప్పుడిక్కడ?"

"నువ్వూ, అక్కా."

"మరి?" అన్నాడు బావ, అతుకు తిరిగి ఇచ్చేస్తూ.

అక్క మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా లోపలికి వెళ్ళిపోయింది. స్విచ్చు సంగతి మళ్ళీ ఎత్తలేదు.

మర్నాడు షెడ్డులో టీచరమ్మ, రంగుల మేస్త్రి, ఇంకో ఇద్దరు ఉన్నారు. అప్పటి ఆరుగురిలో మిగిలింది రంగుల మేస్త్రి ఒక్కడే. ఎడంచేతి మేస్త్రి బల్ల మీద అతుకు పెట్టి మొత్తం చెప్పాడు. మొన్న జేబులో దాచింది కూడా చెప్పాడు. చెబుతుంటే చెవులు కాలిపోయాయి. మాటలు తడబడి, ఒకచోట మొదటికొచ్చి మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

"నేను కూడా ఇన్నాళ్ళూ నవ్వాను కదరా" అన్నాడు రంగుల మేస్త్రి. చేతిలోని గరుకు కాగితం కింద పడేశాడు.

టీచరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "మా నాన్న మీ బావను తిట్టుకుంటూనే పోయాడు. ఆ తిట్లు ఇప్పుడెక్కడికి పోతాయయ్యా?"

టీచరమ్మ కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంది.

"పని ఆపొద్దు. కానీ అమ్మీటరు వెనక అతుకు మాత్రం నువ్వు పెట్టకు. ఆయన్ని పిలు. వస్తే ఆయన పెడతాడు. రాకపోతే కారు ఇలాగే ఉంటుంది."

రమ్మనడానికి మూడుసార్లు వెళ్ళాడు. రెండుసార్లు అక్క గుమ్మంలోనే పంపేసింది. మూడోసారి బావ చెప్పులేసుకున్నాడు.

అప్పటికి కొత్త కట్ట పూర్తయింది. చెక్క పలక మెరుస్తోంది, ఐదు మీటర్లూ వాటి గుండ్రాల్లో కూర్చున్నాయి, ఒక్క అతుకు మిగిలింది. బావ షెడ్డులోకి వస్తూనే నలుగురినీ చూశాడు. రంగుల మేస్త్రి లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. బావ కారు ముందు సీటులో ఒరిగి, తల పలక కిందకు పెట్టి, చెయ్యి చాపాడు. మేస్త్రి సోల్డరింగ్ ఐరన్ అందించి లైటు పట్టుకున్నాడు.

 సీసం తీగ మీద నిలవకుండా గుండ్రంగా జారి కింద పడింది. బావ రాగిని గీకి మళ్ళీ పెట్టాడు. ఈసారి అంటుకుంది గానీ మసకగా, గరుకుగా ఉంది. లాగితే ఊడివచ్చింది. ఒకప్పుడు రెండు క్షణాల్లో అద్దంలా పెట్టేవాడు. నేను పెడతానులే బావా అనే మాట మేస్త్రి నోటిదాకా వచ్చింది. పళ్ళు బిగించి మింగాడు. బావకు సాయం చెయ్యాలని వచ్చిన మాట కాదది, ఆ వేళ్ళను చూస్తూ నిలబడలేక వచ్చిన మాట.

"లైటు కదపకురా" అన్నాడు బావ.

"కదపను బావా."

బావ మళ్ళీ గీకడం మొదలుపెట్టాడు.