గుండుభాయ్ పొట్టలో తలుపు

పాతబస్తీ శాలిబండలో కొండల్ గొంతు ఎరగనివాళ్ళు లేరు. ఆటోకి రెండు మైకులు కట్టుకుని, చీరల సేల్ అనో, రక్తదాన శిబిరమనో, మేక తప్పిపోయిందనో, ఏదైనా సరే జనం నవ్వేలా అరిచి చెప్పడం అతని బతుకుతెరువు. నోటికి అడ్డూ ఆపూ లేని మనిషి. 2000 ఎండాకాలంలో కేబుల్ టీవీ నడిపే రజాక్, పాత సామాన్లమ్మే జుమేరాత్ బజార్ నుంచి అట్టల్లేని పధ్నాలుగు వీడియో క్యాసెట్లు తెచ్చాడు. వేసి చూస్తే ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. వెంటనే కొండల్‌ను పిలిపించాడు.

అది జపాను వాళ్ళ బొమ్మల సీరియల్. తొమ్మిదంతస్తుల ఇనుప మనిషి, నున్నటి గుండు, పిల్లిని చూస్తే వణుకు. అతని పొట్టకో తలుపు. ఆపదొస్తే లోపలి మీట లాగుతాడు, ఇంకో లోకంలో తేలతాడు. అక్కడా అదే వీధి, అవే మొహాలు, ఏదో ఒక్కటే తేడా. రజాక్ సౌండు తీసేసేవాడు. కొండల్ మైకు ముందు కూర్చుని, రోజూ సాయంత్రం ఐదింటికి తోచిందల్లా చెప్పేవాడు. ఇనుప మనిషికి గుండుభాయ్ అని పేరు పెట్టాడు. మిగతా బొమ్మలకు గల్లీవాళ్ళ పేర్లు తగిలించాడు. పిల్లల సంగతి సరే, పెద్దవాళ్ళు కూడా తమ పేరెప్పుడొస్తుందా అని పనులు మానుకుని టీవీల ముందు కూర్చునేవారు.

ఆరో క్యాసెట్‌లో, ఈ లోకంలో వైకుంఠం హోటల్లో చాయ్ ఉండదు, ఉత్త పాలే అన్నాడు. మర్నాడు హోటలుకు వెళితే వైకుంఠం గ్లాసుడు పాలు పెట్టాడు. చాయేదని అడిగితే, మా తాత నాటి నుంచి ఇక్కడ అమ్మేది పాలే కదా అని ఎగాదిగా చూశాడు. గోడ మీద పొగచూరిన బోర్డులో పాల హోటల్ అనే ఉంది. కొండల్ పగలబడి నవ్వాడు. గల్లీ అంతా కూడబలుక్కుని తనను ఆటపట్టిస్తోందనుకున్నాడు. ఆ పొగ పదేళ్ళ నాటిదని కళ్ళకు కనబడుతూనే ఉంది. అయినా సరదా కోసం శాలిబండవాళ్ళు గోడకు పొగ కూడా పెట్టగలరని సరిపెట్టుకున్నాడు. ఇంకో ఊరివాడైతే ఆ రోజే హడలిపోయి మైకు వదిలేసేవాడు.

పన్నెండో రోజు పొద్దున భార్య ఆండాలుతో మాటామాటా పెరిగింది. పెళ్ళయి ఎనిమిదేళ్ళు. పిల్లల కోసం ఎక్కని ఆసుపత్రి మెట్లు లేవు, మొక్కని దర్గా లేదు. ఊరందరితో వాగుతావు, ఇంట్లో నాతో మాట్లాడడానికి మాత్రం నీకు నోరు రాదని ఆమె అంది. అన్నదాంట్లో అబద్ధమేముంది? అందుకే అతనికి అంత మండింది. సాయంత్రం తెర మీద గుండుభాయ్ ఒంటరిగా ఓ మేడ మీద కూర్చుని కాళ్ళూపుతున్నాడు.

"ఈ లోకంల నాకు పెండ్లే కాలే భాయ్," అన్నాడు కొండల్, గుండుభాయ్ గొంతుతో. "ఆండాలా? ఆమె ఎవరో గుడిమల్కాపూర్ల పువ్వులమ్ముకుంటది. మస్తు హాయిగున్న."

ఇంటికెళ్ళేసరికి తాళం. లోపల ఒక కంచం, ఒక గ్లాసు. అద్దానికి అంటించిన బొట్టుబిళ్ళలు లేవు. అంటించిన జిగురు మరకలు కూడా లేవు. పక్కింటి శారదమ్మను అడిగితే ఆమె అతని నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది.

"నీకు పెండ్లెప్పుడైంది బిడ్డా?" అంది జాలిగా. ఆమె మొహంలో నవ్వు ఆపుకుంటున్న ఛాయ మచ్చుకైనా లేదు.

తెల్లారగానే గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పరుగెత్తాడు. బంతిపూల రాశుల మధ్య ఆండాలు కూర్చుని ఉంది. అవే కళ్ళు, అదే ముక్కుపుడక. ఒళ్ళో కొంగు చాటున ఓ పసివాడు పాలు తాగుతున్నాడు. కొండల్ వాణ్ణి చూశాడు, చూడనట్టే ఉన్నాడు. "ఏం గావాలె అన్నా?" అందామె. కట్టుకున్న పెళ్ళాం నోట అన్నా అనిపించుకున్న మగవాడి పరిస్థితి ఏం చెప్పమంటారు! సాయంత్రం మైకు చేతికి రావడమే ఆలస్యం, గుండుభాయ్ మీట లాగిండు, ఆండాలు ఎప్పటి లెక్కనే కొండల్ ఇంటికొచ్చింది అని గడగడా చెప్పేశాడు. ఇంటికి చేరేసరికి ఆమె పొయ్యి దగ్గర ఉంది. ఆమె వీపుకు మొహం ఆనించి వెక్కివెక్కి ఏడ్చాడు. ఏమైందో ఆమెకు అర్థం కాలేదు.

మర్నాడు పొద్దున ఆమె మంచం మీద లేచి కూర్చుని ఉంది. రవిక ముందంతా తడిసిపోయింది.

"ఎనిమిదేండ్లల ఎన్నడు లేంది, నాకు పాలెందుకొస్తున్నయ్?" అని అడిగింది. "ఎవరో ఏడుస్తున్నరు. నీకు ఇనబడ్తలేదా?"

నిన్న కొండల్ మైకులో చెప్పిన మాటలో ఆండాలు ఉంది. పిల్లవాడి ఊసు లేదు.

ఏం చెప్పకుండా ఆమెను ఆటో ఎక్కించి గుడిమల్కాపూర్ తీసుకెళ్ళాడు. నిన్న పొద్దున ఆమె పూలమ్ముతూ కూర్చున్న చోటే రామ్‌చందర్ అనే మనిషి పసివాణ్ణి ఒళ్ళో వేసుకుని, చెంచాతో పాలు పట్టబోతున్నాడు. వాడు ఏడ్చి ఏడ్చి నీలుక్కుపోయాడు. అడిగితే ఆ మనిషి దిక్కుతోచనట్టు చూశాడు.

"నాకు పెండ్లే గాలేదన్నా. నిన్న సాయంత్రం పువ్వులు సర్దుకుంట చూస్తే ఒళ్ల ఉన్నడు. బన్నీ అని నోటికొచ్చింది, ఎందుకొచ్చిందో తెల్వది. ఠాణాల ఇద్దామంటే చేతులొస్తలేవు."

ఆండాలు చేతులు చాచింది. అటు తిరిగి కూర్చుని పిల్లవాణ్ణి రొమ్ముకు హత్తుకుంది. ఏడుపు టక్కున ఆగిపోయింది. రామ్‌చందర్ ఆమె వంక చూస్తూ ఉన్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. ఎందుకు కారుతున్నాయో అతనికే తెలియదు.

అక్కడే, బుట్టల పక్కన చతికిలబడి, కొండల్ భార్యకు అంతా చెప్పాడు. ఎనిమిదేళ్ళలో ఆమెతో అంతసేపు మాట్లాడింది అదే మొదలు. ఇంకో క్యాసెట్ మిగిలుందని, ఒక్క మాట చెబితే పిల్లవాడు తమ బిడ్డే అయిపోతాడని ఆశగా అన్నాడు.

"మరి ఆయన?" అంది ఆండాలు.

ఒక కంచం, ఒక గ్లాసు ఉన్న ఇల్లు ఎలా ఉంటుందో కొండల్‌కు తెలుసు. ఆమె ఖాళీగా ఉన్న చేత్తో అతని చొక్కా పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు.

"సాయంత్రం మైకుల అందరి పేర్లు చెప్పు," అంది చివరికి. "ఈసారి ఒక్కలు గూడ మిగిలిపోవద్దు. నీ పేరు గూడ చెప్పు."

ఐదింటికి రజాక్ ఆఖరి క్యాసెట్ వేశాడు. గుండుభాయ్ పొట్ట తలుపు తెరిచి మీట మీద చెయ్యి వేశాడు. కొండల్ గొంతు సవరించుకుని, ఆండాలు రామ్‌చందర్ భార్య అన్నాడు. బన్నీ వాళ్ళ కొడుకు అన్నాడు. వాడు కడుపునిండా పాలు తాగి పడుకున్నాడన్నాడు. పక్కన రజాక్, జోకేది భాయ్ అని సైగ చేస్తున్నాడు. తెర మీద గీతలు మొదలయ్యాయి, టేపు అయిపోవస్తోంది. కొండల్ తన పేరు దగ్గరికొచ్చి ఆగాడు. తనకేం కావాలని అడుక్కోవాలి? ఏది అడిగినా ఎవరికో ఒకరికి తక్కువవుతుంది.

"కొండల్ అని ఒకడుండె," అన్నాడు ఎట్టకేలకు. "వాడు రోజు పొద్దున గుడిమల్కాపూర్ పోయి, ఆమె దగ్గర ఒక మూర మల్లెలు కొంటడు. గంతే."

బయట గల్లీలో పిల్లలు ఘొల్లున నవ్వారు. పెళ్ళికానివాడికి మల్లెలెందుకని రజాక్ కూడా నవ్వాడు.